పళ్ళెమంత పొర

మాఘ బహుళ విదియ

ఈ పూట పొర బాగా తిన్నది. గంజి పోసిన కాసేపటికే మీద తేలిన తెట్టు మాయమైంది. తొట్టి గోడలకు పట్టిన పాచి గీకాను. నీటిలో ఉప్పెంతుందో చూపే ముల్లు పచ్చగీత మీదే నిలిచి ఉంది. కింద బానలన్నీ నిండాయి.

తొట్టి కాపరి రోజూ నాలుగు ముక్కలు రాయాలని మా కొంగలమిట్ట కట్టుబాటు. నాకు ముందు మా మేనత్త రాసేది. ఆమె ‘పొర క్షేమం’ అని రెండు మాటలు రాసి ఊరుకునేది. నాకు వాగుడెక్కువ.

పొర అంటే తమలపాకు రంగులో, అరచేతి మందాన ఉండే ప్రాణి. ఉప్పునీటిలో పెరిగే మడచెట్టు ఆకు నుంచి పెంచారట మొదట్లో. తొట్టి పై అరలో, ఏరు సముద్రంలో కలిసే మొగలోంచి తోడిన ఉప్పునీరు పోస్తాం. పొర ఆ ఉప్పును తాను పట్టుకుని మంచినీటిని కింది బానల్లోకి చుక్కచుక్కగా వదులుతుంది. సముద్రం కృష్ణ ఒడ్డు పొలాలన్నిటి మీదికీ వచ్చి కూర్చున్నాక, మట్టి పోసి ఎత్తు చేసిన ఈ మిట్టల మీద మనుషులు బతుకుతున్నారంటే దాని చలవే.

నీళ్ళకు వచ్చినప్పుడల్లా నాంచారి కాసేపు నా దగ్గర కూర్చుంటుంది. ఒడుగు వారి పిల్ల, పంతొమ్మిదేళ్ళది. నన్ను సౌభాగ్యం పిన్నీ అంటుంది. నిరుడు మిట్ట మీది కుర్రకారంతా కలిసి ఆమెను ‘లంకె’గా ఎన్నుకున్నారు. నదులు సముద్రంలో కలిసే చోటల్లా, ప్రపంచమంతటా, ఇట్లాంటి మిట్టలున్నాయి. ఒక్కో మిట్టకు ఒక్కో లంకె. పాతికేళ్ళు దాటితే దిగిపోవాలి. అందరినీ కలిపి గొలుసు అంటారు. పొద్దస్తమానం పలుకుపెట్టెల్లో మాట్లాడుకుంటూ ఉంటారు. ఎవరి భాషనైనా మన భాషలోకి మార్చి చెబుతుంది ఆ పెట్టె. మా మిట్ట పెట్టెకు మా మాటే నేర్పారు కాబట్టి, లోకంలో అందరూ మా దివిసీమ యాసలోనే మాట్లాడుతున్నట్టుంటుంది. నాకు అది వింటే నవ్వొస్తుంది.

“ఏందమ్మే, మీ గొలుసోళ్ళు ఇయ్యాల ఏం ముచ్చట్లు చెప్పుకున్నారు?” అని ఎకసెక్కంగా అడిగాను.

“గంగ మొగలో పొరలకు తెల్లమచ్చ వత్తందంట పిన్నీ,” అన్నది. ఆమె నవ్వలేదు.

ఫాల్గుణ శుద్ధ పంచమి

మచ్చ మాకూ వచ్చింది.

ఉదయం గంజి పోస్తుంటే తూర్పు మూల గోరంత తెలుపు కనిపించింది. సున్నం చుక్క పడిందనుకుని వేలితో రుద్దాను. పోలేదు. సాయంత్రానికి అరచేయంత అయింది. ముల్లు పచ్చగీత దాటి పసుపు గీత మీదికి వచ్చింది. బానలో నీళ్ళు రుచి చూస్తే నాలుక చివర ఉప్పు తగిలింది.

ఒక్క మేకకు గాలికుంటు వస్తే మంద మొత్తానికి వచ్చినట్టు, లోకంలోని పొరలన్నిటికీ ఇదే వస్తోందట. అన్నీ ఒకే తల్లి పొర పిల్లలు కదా. ఒకదానికి తగిలిన తెగులు అన్నిటికీ తగులుతుంది.

మిట్టలన్నిటినీ పాలించే తీర మండలి నుంచి ఆజ్ఞ వచ్చింది. మచ్చ కనిపించిన పొరను వెంటనే కాల్చేయాలి, తొట్టిని సున్నంతో కడగాలి, జనం సముద్రానికి దూరంగా ఉన్న మెట్ట శిబిరాలకు తరలాలి. బెనర్జీ బావ దాన్ని అందరికీ చదివి వినిపించాడు. ఆయన మా మిట్టపెద్ద, నాంచారికి సొంత పెదనాన్న. అరవై దాటినా మొగలో చుక్కాని పడితే ఆయన తరవాతే ఎవరైనా. (బెనర్జీ అన్నది మా వైపు పేరే. ఏ కాలంలోనో ఏ తాతో మోజుపడి పెట్టుకుంటే అట్లా వంశంలో నిలిచిపోయింది.)

మెట్ట శిబిరాలకు వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు. వాళ్ళకక్కడ నీళ్ళు దొరుకుతాయి. పని మాత్రం ఉండదు, వల ఉండదు, పడవ ఉండదు. చదవడం అయ్యాక బావ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా పడవల వైపు నడిచిపోయాడు.

ఫాల్గుణ పౌర్ణమి

ఈ కుర్రకారును నేను తక్కువ అంచనా వేశాను. ఆ మాట రాయాల్సిందే.

కాల్చడానికి మనసొప్పక పది రోజులుగా వాయిదా వేస్తూ వచ్చాను. రెండు రోజులుగా నాంచారి నిద్రపోయినట్టు లేదు. ఈ పొద్దున మిట్ట మీది పిల్లలను నలుగురిని వెంటేసుకుని తొట్టి దగ్గరకు వచ్చింది.

“కాల్చొద్దు పిన్నీ. గొలుసంతా ఒక మాట మీదికొచ్చాం. మండలిని అమావాస్య దాకా గడువడిగితే సరేనన్నారు.”

“గడువుతో ఏం చేత్తారే? మచ్చ ఆగుద్దా?”

“కోళ్ళకు తెగులొచ్చి గంపంతా పోయినా, ఒకటో రెండో నిలబడతాయి గదా? అట్టాగే ఇన్ని వేల తొట్లలో యాడో ఒక చోట మచ్చకు లొంగని ముక్క ఉంటది. ఉంటే, కాల్చేత్తే అదీ పోద్ది. అందుకే కాల్చకుండా వెతుకుదాం అంటన్నాం.”

ఈ ఆలోచన తనది కాదని కూడా చెప్పింది. మెకాంగ్ మొగలో థూ అనే కుర్రవాడు అన్నాడట. గంగ మొగలోని రుక్సానా దాన్ని అందరికీ చేరవేసిందట. మండలితో మాట్లాడింది మాత్రం నాంచారి. తన పని గురించి చెప్పేటప్పుడు తనను వెనక్కి పెట్టుకోవడం ఈ పిల్ల అలవాటు.

వెతకడం ఎట్లాగంటే, తొట్టి కింద దూరి, పైనుంచి ఎండ పడుతుండగా పొరను చూడాలి. బతికున్న చోట ఆకు ఈనెల్లా పచ్చటి గీతలు కనిపిస్తాయి, చచ్చిన చోట మసకగా ఉంటుంది. ఈ రోజు నుంచి లోకంలో ఉన్న ప్రతి తొట్టి కిందా ఒక కుర్రవాడో ఒక పిల్లో వెల్లకిలా పడుకుని చూస్తున్నారు. చూసింది పెట్టెలో చెబుతున్నారు. ఎవరో గీసిన పటం మీద ఒక్కొక్క మొగ దగ్గర ఒక్కొక్క చుక్క. పొర పూర్తిగా పోయిన చోట చుక్క ఆరిపోతుంది. నాంచారి ఆ పటాన్ని పెట్టె వెలుగుతో మా తొట్టి గోడ మీద వేసి చూపించింది. నేను చూస్తుండగానే రెండు చుక్కలు ఆరిపోయాయి. పిల్లలు వెంటనే తొట్టి కిందికి దూరారు.

ఫాల్గుణ బహుళ నవమి

దొరికింది. మా తొట్టిలోనే.

సప్తమి నాడు నేనూ నాంచారీ కింద పడుకుని చూస్తున్నాం. పడమటి మూల చచ్చిపోయిందని నేను మూడు రోజుల కిందటే వదిలేశాను. నాంచారి మాత్రం అటు కూడా పాకింది. కాసేపటికి “పిన్నీ, ఇట్రా” అంది. తెల్లటి బూజు మధ్య, పడుకునే చాప అంత మేర, పచ్చటి ఈనెలు. చుట్టూ చచ్చిన పొర దాన్ని తాకుతూనే ఉంది. అయినా దానికేమీ కాలేదు.

నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. “ఇది నిజంగా నిలబడిందో, ఇంకా తగల్లేదో తెలియాలి గదా” అని, తెల్లబూజు గీకి తెచ్చి ఆ పచ్చటి ముక్క మీద ఒక పక్కన రుద్దేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. అప్పటికే రుద్దేసింది.

“నీకు బుద్ధుందా? మిగిలింది ఇదొక్కటేనే!”

“తెలీకుండా ఎవరికైనా ఇత్తే వాళ్ళను మోసం చేసినట్టే గదా పిన్నీ?”

ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. ఇవ్వడమేమిటి, ఎవరికివ్వడం అని అడగలేదు.

రెండు రోజులు కాపలా కాశాం. బూజు ఎండి రాలిపోయింది. పచ్చటి ముక్క చెక్కుచెదరలేదు. గోడ మీది పటంలో మా చుక్క ఒక్కటే ఇంకో రంగులోకి మారింది. పెట్టెలోంచి ఒకేసారి అన్ని దేశాల పిల్లలూ దివిసీమ యాసలో అరిచారు. చెవులు చిల్లులు పడ్డాయి.

ఫాల్గుణ బహుళ ద్వాదశి

ఈ రోజు సభ. వలలు ఆరేసే చోట అందరూ కూర్చున్నారు.

విషయం ఇది. చాపంత ముక్క తొట్టి నిండా పెరగాలంటే వానాకాలం దాకా పడుతుంది. ఆ లోపల కూడా రోజూ కాసిని నీళ్ళిస్తుంది. గొంతు తడుపుకోవడానికి సరిపోతాయి. కానీ దాన్ని పళ్ళెమంత ముక్కలుగా కోసి తలా ఒక మొగకు పంపితే, ఒక్కో ముక్క నుంచి ఒక్కో చోట మళ్ళీ పొర పెంచుకోవచ్చు. అప్పుడు మాకూ ఒక్క పళ్ళెమే మిగులుతుంది. ఈ వేసవిలో అది ఇచ్చే చుక్కలు ఒక్క మనిషి దాహానికి కూడా చాలవు.

నాంచారి ఇదంతా దాచకుండా చెప్పింది. తరవాత, ఏటి ఎగువన, లాకుల వెనక మంచినీళ్ళున్న పాతలాకుల ఊరి కుర్రవాళ్ళు వారానికి రెండుసార్లు నీళ్ళపడవ పంపుతామని మాటిచ్చారని చెప్పింది.

బెనర్జీ బావ లేచాడు. “మన పిల్లల నోటికాడి నీళ్ళు తీసి ఊరూపేరూ తెలీనోళ్ళకు పోత్తావా? మాటిచ్చినోళ్ళ మాట గాల్లో పోద్ది. మన తొట్లో నీళ్ళు పోవు. నేను ఒప్పుకోను.”

“ఒప్పుకుని తీరాలని నేను అనట్లేదు పెదనాన్నా. నువ్వన్నది తప్పు కాదు. పడవ రాకపోతే మనకు గండమే. అది తెలిసే అడగతన్నా.”

“ఎందుకు కొయ్యాల? రెండు నెలలాగి, కాస్త పెరిగినాక కోద్దాం.”

“రెండు నెలలకు మనం పంపడానికి ఆడ మనుసులుండరు పెదనాన్నా. మిట్టలు ఖాళీ అయిపోతాయి.”

చేతులెత్తమన్నారు. అటు సగం, ఇటు సగం. చివరికి అందరూ నా వైపు చూశారు. పొరను కోయగలిగేది నేనొక్కదాన్నే. నా చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

“నేను కొయ్యను,” అన్నాను. “దాన్ని పెంచిన చేత్తో కొయ్యలేను.”

నాంచారి ఒక్క మాట కూడా వాదించలేదు. “నువ్వొద్దంటే కొయ్యం పిన్నీ” అని చెప్పి, గొలుసు వాళ్ళకు ఆ మాటే పెట్టెలో చెప్పింది. అవతల ఎవరూ తిట్టలేదు, బతిమాలలేదు. రుక్సానా గొంతు మాత్రం వినిపించింది. “మీ పిల్లలకు దాహమైద్దంటే కొయ్యొద్దు నాంచారీ. మేం అడిగాం, మీరు చెప్పారు. అంతే.”

ఫాల్గుణ అమావాస్య

పొద్దున నాంచారి పలుకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. “గంగ మొగలో తొట్టి కాపరి ఒకామె ఉంది పిన్నీ. జమీలా అంట. నీతో మాట్లాడాలంటంది” అని చెప్పి, తాను వెళ్ళిపోయింది.

బతిమాలుతుందనుకుని గుండె గట్టి చేసుకున్నాను.

“అక్కా,” అంది పెట్టె. ముసలి గొంతు. “నీ పచ్చ ముక్కకు గంజి ఎట్టా పోత్తన్నావు?”

“గోరువెచ్చగా.”

“చల్లార్చి పొయ్యి. తెగులు సోకిన తొట్లో వేడి తగిలితే అంచులు ముడుచుకుంటాయి. నేను అట్టా పోసే ఒక మూల పోగొట్టుకున్నా. ఇంకోటి. చచ్చిన పొరను గబగబా పీకెయ్యమాకు. దాని మీద ఆనుకునే బతికింది పెరుగుద్ది. మెల్లగా, చుట్టూ జానెడు వదిలి తియ్యి.”

ఆమె తన తొట్టి సంగతులన్నీ చెప్పింది. పొర పూర్తిగా పోయి ఎనిమిది రోజులైందట. అయినా పొద్దున్నే లేచి గంజి కాస్తూనే ఉందట. కాచాక గుర్తొస్తుందట. ఆ గంజిని పక్కింటి పిల్లలకు పోసేస్తోందట.

“మీకు నీళ్ళెట్టా?” అని అడిగాను.

“బురదగుంట ఒకటుంది అక్కా. కాచి తాగుతున్నాం. ఆ, మరిచిపోయా, ఈ ఎండలకు తొట్టి మీద తాటాకు పందిరి వెయ్యి. పచ్చటిదానికి నీడ మంచిది.”

అంతే. ముక్క కావాలని ఒక్కసారి కూడా అడగలేదు. మాట అయిపోయాక పొయ్యి మీది గంజి దించి చల్లారబెట్టాను. నాంచారి వచ్చి చీపురు తీసుకుని తొట్టి చుట్టూ ఊడవడం మొదలెట్టింది.

“వాదించకుండా నన్ను ఈమెతో ఎందుకు కలిపావే?” అన్నాను.

“నా మాట వినాల్సిన అవసరం నీకు లేదు పిన్నీ. పొరను పెంచినోళ్ళ బాధ పెంచినోళ్ళకే తెలుసుద్ది. మీ ఇద్దరూ ఏమనుకుంటే అదే నాయం అనుకున్నా.”

“నువ్వు కత్తి నీళ్ళలో మరగబెట్టు,” అన్నాను.

చైత్ర శుద్ధ విదియ

కోశాను.

పళ్ళు బిగబట్టి కోశాను. ఒక్కో ముక్కను చల్లటి గంజిలో ముంచి, తడి గోనెలో చుట్టి, వెదురు బుట్టలో పెట్టాం. మిట్ట మీది కుర్రకారు బుట్టలు పట్టుకుని పడవలెక్కారు. వాళ్ళు మొగ దాటి ఓడరేవు కుర్రవాళ్ళకిస్తారు. వాళ్ళు తెరచాప ఓడలెక్కిస్తారు. ప్రతి చోటా ఒక లంకె అందుకుని, తడిపి, ఊపి, ఇంకో లంకెకు ఇవ్వాలి. ముక్కను నిలవనీటిలో ఉంచితే ఊపిరాడక చస్తుంది. అందుకని దారి పొడుగునా ఎవరో ఒకరు ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను ఊపినట్టు ఊపుతూ ఉండాలి.

నాంచారి ఒక నియమం పెట్టించింది. ముక్క అందుకున్నవాళ్ళు అది పెరగగానే కోసి అడిగినవాళ్ళకు ఇవ్వాలి. ఇది మాది, అది మీది అనడం ఉండదు. గొలుసంతా ఒప్పుకుంది.

మా తొట్టిలో పళ్ళెమంత ముక్క ఒక్కటి, ఇంత పెద్ద తొట్టిలో ఆకులా ఉంది. బెనర్జీ బావ వచ్చి చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళి, తాటాకులు తెచ్చి పందిరి వేశాడు.

చైత్ర బహుళ ఏకాదశి

పాతలాకుల పడవ మాట తప్పకుండా వస్తోంది. మనిషికి రెండు చెంబులు. స్నానాలు మొగలోనే. అందరి ఒంటి మీదినుంచీ ఉప్పు పొట్టు రాలుతోంది.

కబుర్లు అన్నీ మంచివి కావు. ఒక బుట్ట ఓడరేవులోనే ఎండకు పోయింది. నైలు మొగకు వెళ్ళింది చేరిన మర్నాడే పోయింది. రుక్సానా వాళ్ళ ముక్కను తుఫాను ఓడలోనే ముంచేసింది. దాన్ని ఊపుతూ కూర్చున్న ఇద్దరు పిల్లలు ఈదుకుంటూ బయటపడ్డారట. ముందు ఆ పిల్లల సంగతి చెప్పి, తరవాత ముక్క సంగతి చెప్పింది రుక్సానా.

ఆ కబురు విన్న రోజు నాంచారి తొట్టి వెనక్కు వెళ్ళి వాంతి చేసుకుంది. నేను వీపు నిమిరాను.

“అందరి నీళ్ళూ పణంగా పెట్టా పిన్నీ. ఒక్కటీ బతక్కపోతే?”

చెంబులో నా వంతు నీళ్ళు పోసిచ్చాను. పుక్కిలించి, మిగతావి నాకే తిరిగి ఇచ్చేసి, ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళి రుక్సానాకు ధైర్యం చెప్పింది. పంతొమ్మిదేళ్ళకు నేను ఎవరికీ ధైర్యం చెప్పి ఎరగను.

వైశాఖ బహుళ విదియ

మూడు రోజులుగా దక్షిణపు గాలి. పెద్ద నీళ్ళపడవ పైన ఇసుకమేటలో కూరుకుపోయిందని కబురు. బానలు అడుగంటాయి. బెనర్జీ బావ మనవరాలు ఉప్పునీళ్ళు తాగింది. నిన్న తెల్లారేసరికి వాంతులు, జ్వరం.

జనమంతా నాంచారి ఇంటి ముందుకొచ్చారు. “ఏదమ్మా నీ గొలుసు? ఏదీ పడవ?” అని అరిచారు. ఆమె గడపలోంచి బయటికి వచ్చి నిలబడింది. అందరి మాటలూ విన్నది.

“మీరన్నది నిజమే. పడవ రాలేదు. పాతలాకుల లంకెతో ఇప్పుడే మాట్లాడా. నీళ్ళు కూడేసి ఉంచుతామన్నారు. మనం ఎల్లి తెచ్చుకోవాల. నేను ఎల్తన్నా. ఎవరొత్తారు?”

కుర్రవాళ్ళు కదిలారు. వాళ్ళలో ఎవరికీ ఈ గాలిలో మొగ దాటిన అనుభవం లేదు. అప్పుడు వెనకనుంచి బెనర్జీ బావ తెడ్డు భుజాన వేసుకుని వచ్చాడు. నాంచారి బిత్తరపోయింది.

“పెదనాన్నా, నువ్వొద్దన్నావు గదా...”

“ఓటు వేరు, తెడ్డు వేరు. ఎక్కు.”

ఖాళీ బానలు కట్టడానికి నేనూ ఎక్కాను. పళ్ళెం ముక్కకు గంజి పోసే పని మా పక్కింటి వాళ్ళకు అప్పగించాను. పోయేటప్పుడు గాలి, పోటు రెండూ వెనకే ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నానికి పాతలాకులు చేరాం.

అక్కడ చూసింది నేను చచ్చేదాకా మరవను. లాకుల గట్టు పొడుగునా బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. ఇత్తడివి, స్టీలువి, ప్లాస్టిక్‌వి, మూత లేక బట్ట కట్టినవి. వాళ్ళ ఊళ్ళోనూ నీటికి కటకటే. లాకులు తెరవడానికి వాళ్ళ పెద్దలు ఒప్పుకోలేదట. లంకె ఏసుదయ అనే పిల్ల, తోటివాళ్ళతో కలిసి గడపగడపకూ తిరిగి ఇంటికొక బిందె అడిగిందట. ఒప్పుకోని పెద్దలు కూడా, ఇంటి ముందుకొచ్చి అడిగేసరికి కాదనలేకపోయారట.

“తక్కువైతే ఏమనుకోమాకండి,” అంది ఏసుదయ, ఎండకు కమిలిన ముఖంతో. “రెండు వీధులు ఇంకా తిరగలేదు.”

బెనర్జీ బావ ఆ వరస మొదటినుంచి చివరిదాకా నడిచి వెళ్ళాడు. మళ్ళీ నడిచి వచ్చాడు. తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. చెమటే అన్నాడు.

తిరుగు ప్రయాణం నరకం. పోటు తగ్గి, పాటు నీరు సముద్రం వైపు లాగుతుంది, గాలి ఎదురుగా తోస్తుంది. రెండూ కొట్టుకునే చోట అల నిక్కుతుంది. పిల్లలు తొందరపడ్డారు. బావ మాత్రం రాత్రంతా, మర్నాడు పొద్దెక్కేదాకా పడవను మడల చాటున ఆపాడు. నీరు ఎటూ కదలని ఆ కాస్త వ్యవధిలో, ఒడ్డు పట్టుకుని ఎండతో నడిచే మోటారు మీద మెల్లగా దాటించాడు. నాంచారి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, ఎక్కడ ఎందుకు తిప్పుతున్నాడో అడిగి తెలుసుకుంటూనే ఉంది. నేను బానల మీద బోర్లా పడి వాటిని కావలించుకుని ఉన్నాను.

మిట్ట చేరాక మొదటి చెంబు బావ మనవరాలికి పట్టారు. చీకటి పడే వేళకు పిల్ల కళ్ళు తెరిచి తాతను గుర్తుపట్టింది.

ఆషాఢ శుద్ధ దశమి

వానలొచ్చాయి. బానలు నిండాయి. మండలి వాళ్ళు మిట్ట ఖాళీ చేయమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ముక్కలు ఎట్లా పంచారో చెప్పమని గొలుసునే అడుగుతున్నారట.

మంచి కబురు మెకాంగ్ నుంచి వచ్చింది. థూ వాళ్ళ ముక్క బతికింది. బతకడమే కాదు, ఆ నీళ్ళకు బాగా అలవాటుపడి చాపంత అయింది. నియమం ప్రకారం కోసి, మొదటి ముక్కను రుక్సానాకు పంపారు.

ఈ పొద్దున పెట్టె పలికింది. జమీలా.

“అక్కా, విను.”

తరవాత మాట లేదు. గిన్నెలో నీళ్ళు పడుతున్న చప్పుడు. చుక్క, కాసేపాగి ఇంకో చుక్క. మాటలనైతే పెట్టె మా యాసలోకి మారుస్తుంది. ఈ చప్పుడును మార్చాల్సిన పని లేకపోయింది.

నేను పరుగున వెళ్ళి నాంచారిని పిలుచుకొచ్చాను. ముగ్గురం కలిసి ఆ గిన్నె అడుగు నిండేదాకా విన్నాం.

కార్తీక శుద్ధ సప్తమి

మా పొర మళ్ళీ చాపంత అయింది. వారంగా బానల్లోకి నీళ్ళు పడుతున్నాయి. ముల్లు పచ్చగీతకు వచ్చింది.

మొన్న నైజర్ మొగ నుంచి అడిగారు. వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదట. నాంచారి సభకు సిద్ధమైంది. ఏమేం చెప్పాలో రెండు రోజులుగా తొట్టి దగ్గర కూర్చుని నాకే చెప్పి చూసుకుంటోంది. “వానాకాలం అయిపోయింది, మళ్ళీ ఎండలొత్తాయి, ఈసారి జనం ఒప్పుకోరేమో పిన్నీ” అని దిగులు పడింది.

ఈ పొద్దున సభకని ఇద్దరం బయలుదేరాం. వలలు ఆరేసే చోట ఒక్క మనిషి లేడు. నాంచారి ముఖం పాలిపోయింది. రేవు వైపు చప్పుడు వినిపిస్తే అటు వెళ్ళాం. మిట్ట మీది ఆడవాళ్ళు గోనెలు తడుపుతున్నారు. ఎవరో కొత్త వెదురు బుట్ట అల్లి తెచ్చారు. పడవలో బెనర్జీ బావ చుక్కాని పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“సభ ఉంది గదా పెదనాన్నా,” అంది నాంచారి. “నేను చెప్పాల్సింది...”

“పడవలో చెబుదువుగానిలే. పాటు పోతంది. ఏం సౌభాగ్యం, ఇంకా నిలబడ్డావేంది? కొయ్యి.”

నేను కత్తి మరగబెట్టడానికి వెనక్కి పరుగెత్తాను.